పార్టీ ఇంటిపేరైనప్పుడు

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ఇది. గుంటూరు నుంచి ఉత్తర వర్జీనియాకు వచ్చి మీకు రెండేళ్లయింది. ఆఫీసులో ఎవరూ రాజకీయం ఎత్తరు, టీవీ పెడితే మాత్రం దేశం రెండు ముక్కలైనట్టే కనిపిస్తుంది. మీ వీధిలో ఎదురెదురు ఇళ్లవాళ్లు ఎన్నికలప్పుడు వేర్వేరు అభ్యర్థుల బోర్డులు పాతారు, ఆ తర్వాత వాళ్లు పలకరించుకోవడం మీరు చూడలేదు. ఈ చీలిక నిజంగా ఉన్నదేనా లేక పెంచి చూపుతున్నదా, ఉంటే మనలాంటివాళ్లం ఎలా మసలుకోవాలి అని అడిగారు. నేను 1996లో హెచ్-1బీ మీద వచ్చాను, 2009లో పౌరసత్వం తీసుకున్నాను, 2014 నుంచి ఉత్తర వర్జీనియాలోనే ఉన్న లౌడన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) పోలింగ్ అధికారిగా పనిచేస్తున్నాను. రాజనీతి శాస్త్రం చదివినవాణ్ణి కాను. ఒకే ప్రాంతంలో దాదాపు ముప్పై ఏళ్లు కుదురుగా ఉండి చూసినదే నా జవాబుకున్న ఆధారం. నన్ను పోలింగ్ విధుల్లోకి తీసుకున్నది డెమోక్రాట్ల తరఫున. ఒకటి రెండు సార్లు స్థానిక పదవులకు రిపబ్లికన్లకూ ఓటు వేశాను. నా మాటల్లో మొగ్గు కనిపిస్తే ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

చీలిక నిజమే. అయితే దాన్ని అభిప్రాయాల మధ్య చీలికగా చూస్తే సగమే అర్థమవుతుంది. పన్ను ఎంత ఉండాలి, వైద్య బీమా భారం ఎవరు మోయాలి, తుపాకీ కొనేవాడి పూర్వాపరాలు విచారించాలా అన్న సంగతులను పార్టీ పేరు ఎత్తకుండా ఒక్కొక్కటిగా మాట్లాడితే, నేను పనిచేసిన ఆఫీసుల్లో మనుషులు ఒకరికొకరు చాలా దగ్గరగా ఉండేవారు. పార్టీ పేరు పైకి రాగానే ముఖాలు మారేవి. 1960లో ఒక సర్వేలో అమెరికన్లను, మీ బిడ్డ ఎదుటి పార్టీ మనిషిని పెళ్లి చేసుకుంటే మీకు కష్టంగా ఉంటుందా అని అడిగారు. అవునన్నవారు రిపబ్లికన్లలో 5 శాతం, డెమోక్రాట్లలో 4 శాతం. యాభై ఏళ్ల తర్వాత, 2010లో అలాంటి ప్రశ్నే అడిగితే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమోక్రాట్లలో మూడో వంతు మంది అవునన్నారు. పన్నుల విధానం నచ్చనంత మాత్రాన ఎవరూ సంబంధం వద్దనుకోరు. సంబంధం వద్దనుకునేది ‘వాళ్లు మనవాళ్లు కారు’ అనిపించినప్పుడే.

ఇది మనకు బాగా తెలిసిన భాష. మన వైపు కొత్త మనిషి పరిచయమైతే ఊరూ ఇంటిపేరూ కనుక్కుని, అప్పటికీ తేలకపోతే ‘మీరేమిట్లు?’ అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ఒక్క జవాబుతో ఆయన ఎవరికి ఓటు వేస్తాడో, ఎవరి సినిమాకు మొదటి రోజే వెళతాడో తేల్చేసుకుంటారు. ఇక్కడ అదే లెక్కను తిరగేసి కడుతున్నారు. పార్టీ తెలిస్తే చాలు, ఆ మనిషి ఏ చర్చికి వెళతాడో లేక వెళ్లడో, ఏ బండి నడుపుతాడో, కోవిడ్ టీకా వేయించుకున్నాడో లేదో ఊహించేస్తారు, ఆ ఊహ తరచు నిజమవుతుంది కూడా. మన దగ్గర కులాన్ని బట్టి పార్టీని ఊహిస్తారు, ఇక్కడ పార్టీయే ఇంటిపేరు పని చేస్తోంది. ఈ పోలిక అన్నిచోట్లా అతకదని నాకు తెలుసు. కులం పుట్టుకతో వస్తుంది, దాని కింద తరతరాలు నలిగిపోయిన మనుషులున్నారు. అమెరికాలో దానికి దగ్గరగా వచ్చేది నల్లజాతి వారి చరిత్రే తప్ప పార్టీల తగవు కాదు. మనిషి నోరు తెరవకముందే అతని గురించి అంతా తెలిసిపోయిందనుకునే అలవాటు వరకే నా పోలిక.

ఇది మొదటినుంచీ ఇలా లేదు. 1950లో ఈ దేశపు రాజనీతి శాస్త్రజ్ఞుల సంఘం ఒక నివేదిక వెలువరించింది. రెండు పార్టీలకూ తేడా సరిగా తెలియడం లేదనీ, ఓటరు ఎంచుకోవడానికి వీలుగా అవి స్పష్టంగా విడివడి నిలబడాలనీ అందులోని సారాంశం. వాళ్లు కోరుకున్నది మనకు దక్కింది, కొంచెం ఎక్కువగానే దక్కింది. 1964 పౌరహక్కుల చట్టం మీద ఎగువ సభ అయిన సెనేట్‌లో జరిగిన ఓటింగ్ చూడండి: అనుకూలంగా 73, వ్యతిరేకంగా 27. వ్యతిరేకించిన ఆ 27 మందిలో 21 మంది డెమోక్రాట్లు, ఆరుగురే రిపబ్లికన్లు. అంటే ఆనాటి డెమోక్రటిక్ పార్టీలో దక్షిణాది వర్ణవివక్షవాదులూ ఉత్తరాది ఉదారవాదులూ ఒకే గొడుగు కింద ఉండేవారు, రిపబ్లికన్లలోనూ ఆ కలగలుపు ఉండేది. కొట్లాట పార్టీ లోపలే జరిగేది కాబట్టి పార్టీల మధ్య బేరసారాలకు తావుండేది. ఆ చట్టం తర్వాత దక్షిణాది తెల్లజాతి ఓటర్లు మెల్లమెల్లగా, ముప్పై నలభై ఏళ్లలో, రిపబ్లికన్ల వైపు జరిగారు. తీరాల్లోని నగరాలు, విశ్వవిద్యాలయాల ఊళ్లు డెమోక్రాట్ల వైపు జరిగాయి. రెండు కుప్పలూ శుభ్రంగా వేరుపడ్డాయి.

వర్జీనియానే తీసుకోండి. 1968 నుంచి 2004 దాకా ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ రిపబ్లికన్‌కే ఓటు వేసిన రాష్ట్రమిది. నేను వచ్చిన కొత్తలో లౌడన్‌లోని యాష్‌బర్న్ చుట్టుపక్కల పొలాలు, గుర్రాల దొడ్లు ఉండేవి. ఆ నేల మీదే ఇప్పుడు డేటా సెంటర్లు లేచాయి, వాటి మధ్య మన తెలుగువాళ్ల ఇళ్లున్నాయి. 2004లో బుష్‌కు మొగ్గిన లౌడన్ 2008లో ఒబామాకు మొగ్గింది. మనసు మార్చుకున్నవాళ్లు కొందరే. ఎక్కువగా జరిగింది మనుషులు మారడం: కొత్తవాళ్లు వచ్చి చేరారు, పాతవాళ్లలో కొందరు ఇక్కడ ఉండబుద్ధి కాక పడమటి కొండల వైపో, వెస్ట్ వర్జీనియాకో వెళ్లిపోయారు. దేశమంతటా ఇదే కథ. 1992 అధ్యక్ష ఎన్నికలో, దేశంలోని 3,100కు పైబడిన కౌంటీల్లో 1,096 చోట్ల గెలుపోటముల తేడా పది శాతం లోపే ఉండేది. 2016 నాటికి అలాంటి కౌంటీలు 303 మిగిలాయి. మిగతా చోట్ల ఒక పార్టీ అభిమాని రోజంతా తిరిగినా ఎదుటివాడు తారసపడే అవకాశం తక్కువ. మీ వీధిలో ఎదురెదురుగా రెండు రకాల బోర్డులు ఉన్నాయంటే, ఈ లెక్కన మీది అరుదైన వీధి.

టీవీల పాత్ర అందరూ చెప్పేదే కాబట్టి ఎక్కువ చెప్పను. ప్రసార సంస్థలు వివాదాంశాల మీద రెండు వైపులా వినిపించాలన్న నియమాన్ని 1987లో ఎత్తివేశారు. తర్వాత చెరో పక్షం వైపు మొగ్గిన వార్తా చానెళ్లు ఎమ్మెస్ఎన్‌బీసీ, ఫాక్స్ న్యూస్ రెండూ నేను విమానం దిగిన 1996లోనే మొదలయ్యాయి. ఎరుపంటే రిపబ్లికన్, నీలమంటే డెమోక్రాట్ అన్న రంగుల లెక్క కూడా 2000 ఎన్నికలప్పుడు స్థిరపడినదే. అంతకుముందు ఒక్కో చానెల్ ఒక్కో రకంగా రంగులు వేసేది. పాతికేళ్ల నాటి ఈ రంగులు అనాదిగా ఉన్నట్టు ఇప్పుడు పిల్లలు కూడా మాట్లాడతారు.

చీలిక వల్ల జరిగే నష్టం మనవాళ్లకు తెలియనిది కాదు, కాకపోతే దానికి మనం వేరే పేరు పెట్టుకున్నాం: గ్రీన్‌కార్డు క్యూ. మనం ఈ దేశానికి రాగలిగింది 1965 వలస చట్టం వల్ల, దానికి రెండు పార్టీలవారూ ఓటు వేశారు. ఉద్యోగాల ద్వారా ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ సుమారు 7 శాతానికి మించి దక్కకూడదన్న పరిమితి 1990 చట్టంతో ఇప్పుడున్న రూపానికి వచ్చింది. దాన్ని సడలించే ప్రయత్నాలు లేకపోలేదు. 2013 జూన్‌లో సెనేట్ 68-32తో సమగ్ర వలస సంస్కరణ బిల్లును ఆమోదిస్తే, ప్రతినిధుల సభ దాన్ని ఓటింగ్‌కే పెట్టలేదు. 2019 జులైలో ఆ దేశవారీ పరిమితిని తొలగించే బిల్లును ప్రతినిధుల సభ 365-65తో ఆమోదించింది. సెనేట్ 2020 డిసెంబరులో తనదైన మరో రూపాన్ని ఆమోదించింది, రెండింటినీ కలిపి ఒక్కటి చేసే పని జరగనే లేదు. రెండు పార్టీల్లోనూ ఎక్కువ మంది సరేనన్న విషయం కూడా ముందుకు సాగకపోవడానికి కారణం ఒక్కటే: దాన్ని నెరవేర్చిన పేరు ఎదుటివాడికి పోకూడదు. ఖర్చుల బిల్లు మీద పార్టీలకు కుదరక 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజుల పాటు ఫెడరల్ ప్రభుత్వం మూతపడినప్పుడు మా వీధిలో ఫెడరల్ ఉద్యోగాలు చేసే ఇళ్లలో జీతాలు ఆగిపోయాయి. ఏ పార్టీకి ఓటు వేసిన ఇంట్లోనైనా ఇంటి అప్పు వాయిదా తేదీ మారలేదు.

ఇక హింస. 2017 జూన్‌లో మాకు దగ్గర్లోని అలెగ్జాండ్రియాలో బేస్‌బాల్ సాధన చేస్తున్న రిపబ్లికన్ చట్టసభ సభ్యుల మీద కాల్పులు జరిగాయి. 2021 జనవరి 6న ఈ దేశపు చట్టసభల భవనం క్యాపిటల్ మీద ట్రంప్ మద్దతుదారుల దాడి జరిగింది, 2024 జులైలో పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో ట్రంప్ చెవిని తూటా తాకింది, 2025 జూన్‌లో మిన్నెసోటా డెమోక్రాట్ శాసనసభ్యురాలు మెలిసా హార్ట్‌మన్‌నూ ఆమె భర్తనూ వాళ్ల ఇంట్లోనే చంపారు, అదే ఏడు సెప్టెంబరులో ట్రంప్ మద్దతుదారుడైన ఉద్యమకారుడు చార్లీ కర్క్‌ను యూటాలో చంపారు. ప్రతిసారీ ఒక పక్షం కన్నీళ్లు నిజమైనవిగా, మరో పక్షం కన్నీళ్లు కొలిచి పోసినట్టుగా కనిపించడం నాకు ఈ ఘటనల కంటే ఎక్కువ భయం కలిగించింది.

నాకు బాగా తెలిసిన చోటు పోలింగ్ గది కాబట్టి అక్కడి సంగతి కొంచెం వివరంగా చెబుతాను. పోలింగ్ రోజున తెల్లవారుజామున ఐదింటికే చేరుకుని ప్రమాణం చేస్తాం, ఆరింటికి తలుపులు తెరుస్తాం, సాయంత్రం ఏడింటికి వరుసలో నిలబడి ఉన్న చివరి మనిషి దాకా ఓటు వేయిస్తాం. గదికి పెద్దగా చీఫ్, ఆయనకు తోడుగా అసిస్టెంట్ చీఫ్ ఉంటారు, వీలైనంతవరకు ఆ ఇద్దరూ వేర్వేరు పార్టీలకు చెందినవారై ఉండాలని చట్టం. ఓటరు తన పూర్తి పేరు, చిరునామా చెప్పాలి. మేము ఆ పేరును గదిలో కూర్చున్న పార్టీ ప్రతినిధులకు వినపడేలా తిరిగి చదవాలి. రాత్రి స్కానర్ లెక్కనూ, ఓటర్ల జాబితాలో నమోదైన సంఖ్యనూ పక్కపక్కన పెట్టి సరిపోల్చి, అందరం సంతకాలు చేస్తే గాని ఇంటికి కదలం. ఒక్క ఓటు తేడా వచ్చినా అది ఎక్కడ తప్పిందో దొరికేదాకా కూర్చున్న రాత్రులున్నాయి.

ఒక్క ఓటుకేం విలువ అనేవాళ్లకు నేను న్యూపోర్ట్ న్యూస్ కథ చెబుతుంటాను. 2017 నవంబరులో వర్జీనియా దిగువ సభకు అక్కడి స్థానంలో జరిగిన ఎన్నికలో మొదట రిపబ్లికన్ అభ్యర్థి పది ఓట్లతో గెలిచారన్నారు. మళ్లీ లెక్కిస్తే డెమోక్రాట్ అభ్యర్థి ఒక్క ఓటుతో గెలిచారన్నారు. ఆ తర్వాత ముగ్గురు న్యాయమూర్తులు, పక్కన పెట్టిన ఒక్క బ్యాలెట్‌ను రిపబ్లికన్ ఖాతాలో వేసేసరికి ఇద్దరికీ సరిగ్గా 11,608 చొప్పున వచ్చాయి. 2018 జనవరి 4న రిచ్‌మండ్‌లో ఇద్దరి పేర్లూ రాసిన చీటీలను పాత్రలో వేసి ఒకటి తీశారు. రిపబ్లికన్ పేరు వచ్చింది. ఆ ఒక్క చీటీతో వందమంది సభలో 51-49 ఆధిక్యం తేలిపోయింది. ఓడినవారి పక్షం బాధపడింది, కాని చీటీ తీసిన పద్ధతిని ఎవరూ దొంగతనం అనలేదు. ఇది జరిగి ఇంకా పదేళ్లు కాలేదు.

నాతో ఆరేళ్లు చీఫ్‌గా పనిచేసినాయన సైన్యంలో ఉద్యోగం చేసి విరమించినవారు, పక్కా రిపబ్లికన్. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మధ్యాహ్నం మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర ఆయనా తినేవారు, ఆయన ఇంట్లో చేసిన ఆపిల్ పై నేనూ తినేవాణ్ణి. 2020 నవంబరు రాత్రి మా గదిలో లెక్క మొదటిసారికే సరిపోయింది, ఇద్దరం సంతకం చేశాం. రాష్ట్రంలోని పెద్ద కౌంటీల్లో ముందస్తు ఓట్ల లెక్క ఆలస్యంగా కలిసింది, టీవీ తెర మీది అంకెలు తారుమారయ్యాయి. జనవరి 6 తర్వాత వారానికి ఆయన ఫోన్ చేసి, దాడి చేసినవాళ్లను తిట్టారు, ఆ వెంటనే, అయినా ఎన్నిక మాత్రం సరిగా జరగలేదు అన్నారు. ‘మన గదిలో లెక్క మీరే కదా చూశారు’ అన్నాను. ‘మన గది సరే. నేను మాట్లాడేది జార్జియా సంగతి’ అన్నారు. జార్జియా రాష్ట్రంలో 50 లక్షల దాకా కాగితపు ఓట్లను చేతులతో లెక్కపెట్టారనీ, ఆ తర్వాత యంత్రంతో మరోసారి లెక్కించినా బైడెన్‌కు 11,779 ఓట్ల ఆధిక్యం మిగిలిందనీ, అరవైకి పైగా వేసిన దావాలు కోర్టుల్లో నిలవలేదనీ నేను చెప్పుకొచ్చాను. అక్కడి గదుల్లోనూ మీలాంటివారొకరు, నాలాంటివారొకరు కూర్చునే లెక్కించారు కదా అని కూడా అన్నాను. ఆయన కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘వాళ్లను నేనెరగను’ అన్నారు.

నేనేమో అంకెలు చెబుతున్నాను, ఆయన అడుగుతున్నది మనుషులను. ముఖాముఖి ఎరిగినవాళ్లతో ఆయనకు పార్టీ అడ్డు రాలేదు, ఎరగనివాళ్లను మాత్రం పార్టీ పేరుతోనే చూశారు. నేను కూడా అంతే. ట్రంప్ గెలిచిన 2016 నవంబరు తర్వాత, ఆయన వైపు మొగ్గిన, నేను ఎన్నడూ చూడని విస్కాన్సిన్ పల్లెటూళ్ల గురించి మా ఇంట్లో నేను మాట్లాడిన మాటలు మా అమ్మాయి ఇప్పటికీ ఎత్తిచూపుతుంది.

మన తెలుగువాళ్లు ఈ గొడవకు అతీతులని అనుకోకండి. మా కాలనీ తెలుగు వాట్సాప్ గుంపు 2024లో ట్రంప్, హారిస్ వాదనలతో రెండుగా విడిపోయింది. అంతకుముందు 2019లో ఆంధ్రప్రదేశ్ ఎన్నికల మీద ఒకసారి విడిపోయి కలిసిన గుంపే కాబట్టి మాకు అనుభవం ఉంది. ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ తల్లిదండ్రులు ఆంధ్రవాళ్లని ఒక గుంపు పొంగిపోతే, మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్, డెమోక్రాట్ అరుణా మిల్లర్ హైదరాబాద్‌లో పుట్టారని మరో గుంపు పొంగిపోయింది. 2025 నవంబరులో మన వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికైన గజాలా హష్మీ కూడా హైదరాబాద్‌లోనే పుట్టారు, కాని ఆమెను ‘మనవాళ్లు’ అనడానికి కొందరు కాస్త తటపటాయించారు; ఎందుకో మీరు ఊహించగలరు. ఈలోగా 2024 డిసెంబరులో హెచ్-1బీ మీద ట్రంప్ మద్దతుదారులే రెండుగా చీలి తిట్టుకున్నారు, 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము వచ్చింది. ఆ రోజుల్లో రెండు గుంపుల్లోనూ అడిగిన ప్రశ్న ఒక్కటే, ఇండియా వెళ్లినవాళ్లు తిరిగి రాగలరా అని. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతేలో ఒక తెలుగు ఇంజనీరును ‘మా దేశం నుంచి పొండి’ అంటూ కాల్చి చంపినవాడు ఆయన ఎవరి అభిమానో అడగలేదు. హంతకుణ్ణి అడ్డుకోబోయి తూటా తిన్న తెల్లజాతి యువకుడూ అడగలేదు.

మసలుకోవడం గురించి అడిగారు కాబట్టి, ముందు చట్టం. మీరు పౌరులు కారు, కాబట్టి ఓటు వేయకూడదు సరే, ఓటరుగా నమోదు కూడా కాకూడదు. డ్రైవింగ్ లైసెన్సు కోసం డీఎంవీకి వెళ్లినప్పుడు ఆ ప్రశ్న వస్తుంది, తొందరలో అవునని నొక్కితే రేపు గ్రీన్‌కార్డుకూ పౌరసత్వానికీ అడ్డు పడవచ్చు. గ్రీన్‌కార్డు వచ్చేవరకు ఏ అభ్యర్థికీ విరాళం ఇవ్వకూడదు, స్నేహితుడు ఇంట్లో విందు పెట్టి చందా అడిగినా సరే. కాని మీ నోరు ఎవరూ కట్టలేదు. కౌంటీ స్కూల్ బోర్డు సమావేశాలకు వెళ్లండి. 2021లో ఇదే లౌడన్ స్కూల్ బోర్డు గొడవ దేశమంతా వార్తయింది, ఆ ఏడాది గవర్నర్ ఎన్నికను సుమారు రెండు శాతం తేడాతో రిపబ్లికన్ల వైపు తిప్పడంలో దానికి కొంత పాత్ర ఉంది. టీవీలో అరుపులే చూపించారు. మిగతా నెలల్లో ఆ గదిలో నడిచేది బస్సుల వేళల మీద, స్కూలు హద్దుల మీద చర్చ. అక్కడ ఎరుపు ఎవరో నీలం ఎవరో పోల్చుకోవడం కష్టం.

ఆఫీసులో మౌనాన్ని తప్పుపట్టకండి, అది భయం కాదు, మర్యాద. ఎవరైనా మీ అభిప్రాయం అడిగితే, పార్టీ పేరుతో కాక మీకు ఎదురైన సంగతితో మొదలుపెట్టండి: వీసా క్యూ, బీమా బిల్లు, పిల్లల స్కూలు. మీ ఎదురింటి వాళ్లిద్దరినీ కలిపే పని మాత్రం నెత్తిన వేసుకోవద్దు. నేను ఒకసారి అలా ఇద్దరిని దీపావళి భోజనానికి పిలిచి, భోజనాలు ముగిసేదాకా క్రికెట్ నియమాలు వివరించవలసి వచ్చింది.

మా చీఫ్ 2022 నుంచి ఆ పనికి రావడం మానేశారు. పండగలకు ఫోన్ చేస్తారు, జార్జియా మాట ఇద్దరమూ ఎత్తము. 2024 నవంబరులో ఉదయం తొమ్మిది గంటల వేళ ఆయన మామూలు ఓటరుగా వరుసలో నిలబడి నా బల్ల దగ్గరకే వచ్చారు. ఆయన పేరూ చిరునామా నాకు కంఠతా వచ్చు. అయినా నియమం ప్రకారం రెండూ అడిగాను. ఆయన నవ్వకుండా చెప్పారు. గది అవతల కూర్చున్న రెండు పార్టీల ప్రతినిధులకూ వినపడేలా నేను ఆయన పేరు పైకి చదివి, బ్యాలెట్ చేతికిచ్చాను.